నాగలి పైన మబ్బు

ఏ దిమ్మె? ఓ, కొండమీద ఆ సిమెంటు దిమ్మా? సర్వేవాళ్లు పాతారని ఎవరు చెప్పారమ్మాయ్ నీకు, మీ నాన్నా? బాగానే ఉంది. మీ నాన్న పాలపీక నోట్లో పెట్టుకుని తిరిగే రోజుల్లోనే అది అక్కడుంది, వాడికేం తెలుసు. ఇప్పుడంటే మేకలు వీపు గోక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు గానీ, నడిమధ్య బొటనవేలంత ఇనప బోల్టు ఒకటి తుప్పు పట్టి లేచి ఉంటుంది చూడు, అది మనోల్ బిగించింది. ఫోటోల మనోల్. ఆ కుర్చీ ఇటు లాక్కో, ఆ కాలు ఊగుతుంది, గోడకి ఆనించి కూర్చో. నువ్వు ఆయన్ని చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. పొడుగాటి మనిషి, నడుస్తుంటే ఎవరో తాడు కట్టి ముందుకి లాగుతున్నట్టుండేది. చౌక్ పక్కన సర్కారు ఫోటో స్టూడియోలో ఆయన, రెండు గుమ్మాల అవతల అచ్చాఫీసులో నేను. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అనేవాణ్ని. మా ఇద్దరినీ కలిపింది చావే అనుకో. నవ్వకు. ఊళ్లో ఎవరు పోయినా చావు కాగితం నేను అచ్చెయ్యాలి, దానిమీద బొమ్మ ఆయన ఇవ్వాలి. పోయినరోజు ఒకటి, నలభయ్యో రోజు ఒకటి, ఆర్నెల్లకొకటి, ఏడాదికొకటి. ఈ ఊరి గోడలూ గేట్లూ చెట్లూ అన్నీ మా ఇద్దరి చేతిపనే. కొండ పల్లెల ముసలమ్మలు కొందరు జన్మలో ఒక్క ఫోటో దిగి ఉండేవాళ్లు కారు. పెట్టెలో పడుకోబెట్టాక మనోల్‌ని పిలిచేవాళ్లు. ఆయన వెళ్లి ఫోటో తీసి, తర్వాత మూడు వెంట్రుకల కుంచె పట్టుకుని, ఫోటోలో మూసిన రెప్పలమీద కళ్లు వేసేవాడు. తెరిచిన కళ్లు! ఎంత బాగా వేసేవాడంటే, సెవ్దా ముసలమ్మ కాగితం గేటుకి అంటించిన పొద్దున, ఆవిడ మొగుడు పొలం నుంచి వస్తూ టోపీ తీసి, ‘ఏమే, అంత గుర్రుగా చూస్తావేం, వస్తున్నాగా’ అన్నాడట. ఆ కళ్లే ఆయన కొంప ముంచాయి. చెప్తా, చెప్తా, వరసగా రానీ.

ఆయనకి ఆకాశం పిచ్చి. పిచ్చంటే, నాలాగా వేసవిలో దుప్పటి పరుచుకుని చుక్కలు లెక్కపెట్టడం కాదు. టెలిస్కోపు అద్దం తనే అరగదీసుకున్నాడు. మందపాటి గాజుబిళ్లని పీపామీద పెట్టి, చుట్టూ తిరుగుతూ, ఇసకలాంటి పొడితో ఒక శీతాకాలమంతా రుద్దాడు. వాళ్లమ్మ బతికుండేది అప్పటికి, ‘మావాడు గానుగెద్దుకి పుట్టాడు’ అని తిట్టేది. గొట్టాన్ని కొండమీద ఆ దిమ్మె బోల్టుకి బిగించి, దాన్ని తిప్పే యంత్రం పాత గ్రామఫోను మోటారుతో చేశాడు. ఎందుకు తిప్పాలంటే, ఆకాశం కదిలిపోతుంటుంది కదా, దాంతోపాటు గొట్టమూ కదలాలి. ఆ మోటారు ఒక్కటే చాలదు. పక్కన చిన్న గొట్టం ఇంకోటి ఉండేది, అందులో సాలెపోగులంత సన్నటి తీగలు రెండు, నిలువుగా ఒకటి అడ్డంగా ఒకటి. ఆ రెండూ కలిసేచోట ఒక చుక్కని పట్టుకుని, అది వెంట్రుకవాసి జారితే చేత్తో చిన్న చక్రం తిప్పి మళ్లీ మధ్యకి తేవాలి. గంటన్నర. రెప్ప వెయ్యకుండా. కాస్త ఏమరుపాటుగా ఉన్నావా, ఫోటోలో చుక్కలన్నీ వానపాముల్లా సాగిపోతాయి. గంటన్నరా ఎందుకు అంటావేమో, నేనూ అదే అడిగా. ‘కన్ను తొందరపడుతుందిరా నాయ్దెన్. అది క్షణం చూసి ఏమీ లేదు పొమ్మంటుంది. ఫిల్ము అలా కాదు, బొట్టు బొట్టు పట్టుకుంటూ కూర్చుంటుంది’ అన్నాడు. ఆయన తీసేది చుక్కల్ని కూడా కాదు, మబ్బుల్ని. నీళ్ల మబ్బులు కాదులే. చుక్కకీ చుక్కకీ మధ్య, మనకి ఉత్త చీకటి కనబడేచోట, ఎర్రటి మబ్బులున్నాయట. ఆ మబ్బుల కడుపులో చుక్కలు పుడతాయట. పుట్టిన పిల్ల వేడికి తల్లి ఎర్రబడి వెలుగుతుందట. ఆ ఎరుపు మనిషి కంటికి ఆనదు. మధ్యాహ్నం శవానికి కళ్లు వేసి, రాత్రికి వెళ్లి చుక్కల పురుడు చూసొచ్చేవాడు. రెండూ ఇంట్లో ఒకే చీకటిగదిలో, ఒకే పళ్లెంలో కడిగేవాడు. మా ఆవిడ దఫీనా అనేది, ‘ఆ మనిషి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకు’ అని.

ఎనభై ఒకటి జనవరి. ఆ ఏడాది గుర్తుండక చస్తుందా. బల్గేరియాకి పదమూడు వందల ఏళ్లు నిండాయని దేశమంతా పండగ. జెండాలు, పాటలు, ఊరేగింపులు, మా అచ్చాఫీసులో ‘1300’ అని పేర్చీ పేర్చీ మూడూ సున్నా అచ్చులు అరిగిపోయాయి. అలాంటి రోజుల్లో ఒక పొద్దున మనోల్ వచ్చి, ఒక ఫోటో నా ముందు పెట్టాడు. మనం నాగలి అంటామే, ఆ మూడు చుక్కలు వరసగా, దానికి కొంచెం పైన ఉండే మబ్బు. ఆయన ప్రతి ఏడూ తీసేదే. ‘ఇక్కడ చూడు’ అన్నాడు. చిన్న మరక. గోరంత. కింద సూదిమొనలా ఒక చుక్క, దాన్నుంచి పైకి విచ్చుకున్నట్టు ఒక వెలుగు. తలుపు ఓరగా తీస్తే లోపలి దీపం గడపమీద పడుతుంది చూడు, అలాగ. ‘నీళ్ల మరకేమో అన్నా’ అన్నా. ‘నేనూ అదే అనుకున్నా. మొన్నటిదాంట్లోనూ ఉంది. నిన్నటిదాంట్లో ఇంకా ఎక్కువుంది. పోయినేడు లేదు, అంతకుముందేడు లేదు, పుస్తకాల్లో లేదు.’ ఇంత పెద్ద మనిషి, గొంతు తగ్గించి, పక్కింట్లో దొంగలు పడ్డట్టు చెప్పాడమ్మా: ‘లోపల ఎవరో లేచారు.’ నవ్వేశా అనుకో. ఆ వెలుగు బయల్దేరి పదమూడు వందల ఏళ్లయిందట, ఓ వంద అటూ ఇటూ. ‘మన వాళ్లు దన్యూబు నది దాటొచ్చి దేశం పెట్టినప్పుడు బయల్దేరిన చుట్టం, పండగ టైముకి దిగాడు’ అంటే, ఆయన నవ్వలేదు.

రాజధానిలో ఆకాశం చూసే పెద్దాఫీసుకి రాశాడు. జవాబొచ్చింది, రెండు వరసలు. ఫిల్ములో దోషం కావచ్చును, లేదా అద్దంలో పడ్డ నీడ కావచ్చును, ఇంకొకరి సమక్షంలో మళ్లీ తీసి పంపగలరు. ఆ ఇంకొకణ్ని నేను. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, గడ్డకట్టే చలి, ఇంత రకియా సారా గొంతులో పోసుకుని కొండ ఎక్కాను. కుదురుగా ఉండే చెయ్యి కావాలి, అచ్చులు పేర్చేవాడి చెయ్యి కంటే కుదురు ఎవరికుంటుంది? కన్ను గాజుకి ఆనించి కూర్చున్నా. ఒక్క చుక్క, రెండు తీగలు. చుట్టూ ఏమీ లేదు. నేను చెప్పేది నమ్ముతావో లేదో, అరగంటయ్యేసరికి నేను దాన్ని చూస్తున్నానా, అది నన్ను చూస్తోందా అన్నది తెలియకుండా పోయింది. కింద ఊళ్లో కుక్కలు కూడా మొరగలేదు. మనం ఏదో గదిలోకి వెళ్తాం, చీకటి, ఎవరూ లేరనుకుంటాం, కానీ ఒంటిమీద వెంట్రుకలకి తెలుస్తుంది చూడు లోపల మనిషున్నట్టు, అలా ఉంది. మెడ తిప్పుదామంటే మనోల్ చెయ్యి వచ్చి భుజంమీద పడింది, ‘కదలకు, వాణ్ని బెదరగొట్టకు’ అన్నాడు. వాణ్ని అట! దిగొచ్చి, అప్పటికప్పుడు చీకటిగదిలోకి తీసుకెళ్లి, నాచేతే కడిగించాడు, రేపెవరైనా అడిగితే చెప్పాలి కదా అని. ఫిల్ము కటిక చీకట్లో కడిగాం. తర్వాత కాగితం మందునీళ్లలో వేసి, ఎర్రదీపం కింద పళ్లెం నేనే అటూ ఇటూ ఊపుతున్నా. తెల్లకాగితంమీద ముందు చుక్కలొచ్చాయి. తర్వాత మబ్బు. ఆఖర్న, అన్నీ వచ్చేశాక, నెమ్మదిగా, నీళ్ల అడుగునుంచి మొహం పైకి తేలినట్టు, ఆ విచ్చుకున్న వెలుగు. చూశాను. నా ఈ రెండు కళ్లతో, నా చేతిలో పళ్లెంలో చూశాను. ఇది గుర్తుపెట్టుకో.

ఆ ఫోటో ఇంకా టపాలో ఉండగానే స్తామెనోవ్‌కి తెలిసిపోయింది. సాంస్కృతిక భవనం డైరెక్టరు, పార్టీ మనిషి, పొట్ట ముందు ఆయన వెనక. గంతులేశాడు. ‘మన ఊరి శ్రామికుడు, పదమూడు వందల ఏళ్ల పండగనాడు, కొత్త చుక్క కనిపెట్టాడు! దానికి బల్గేరియా పేరు పెట్టాలి!’ మనోల్ తలపైకెత్తి నాలుక చప్పరించాడు, ‘ఇప్పుడే వద్దు కామ్రేడ్, పెద్దవాళ్లని చూడనివ్వండి ముందు’ అని. వింటాడా? జిల్లా పత్రికలో మొదటి పేజీ. పేర్చింది ఎవరనుకున్నావు? నేనే. పైనుంచి అభినందనలు, ఊరికి బహుమతి అని మాటలు. ఆపైన, మార్చి ఆఖర్లో, రాజధానినుంచి ఒక నిపుణుడు దిగాడు, బూడిదరంగు కోటు, చేతి గ్లవ్స్ తియ్యకుండా కరచాలనం చేసే రకం. నెలన్నర మబ్బుపట్టిన ఆకాశం ఆ రోజే తెరిపిచ్చింది. నాగలి పడమటికి దిగకముందే పొద్దుగూకగానే తీశారు. స్తామెనోవ్, నిపుణుడు, పత్రికవాడు, అందరూ దిమ్మె చుట్టూ నిలబడి పాదాలు కొట్టుకుంటూ. కడిగారు. చుక్కలున్నాయి, మబ్బుంది. అది లేదు. గోరంత కాదు, ఆవగింజంత లేదు. ఓరగా తీసిన తలుపు ఎవరో లోపలినుంచి వేసేసుకున్నట్టు.

అప్పుడు నిపుణుడు స్టూడియో గోడలమీద వేలాడుతున్న ముసలమ్మల బొమ్మల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, ‘వీళ్లంతా బతికుండగా తీసినవేనా?’ అన్నాడు, చాలా నెమ్మదిగా. ‘అంటే, లేని కళ్లు వెయ్యడం మీకు అలవాటన్నమాట.’ స్తామెనోవ్ మొహం బీట్‌దుంపలా అయిపోయింది. పత్రిక అప్పటికే పైకి వెళ్లింది, ఎవడో ఒకడు బలి కావాలి. మర్నాడు విచారణ. నన్ను పిలిచారు. మనోల్ పక్క బెంచీమీద కూర్చున్నాడు, టోపీ మోకాళ్లమీద పెట్టుకుని. ‘కామ్రేడ్ నాయ్దెన్, ఫిబ్రవరిలో మీరు అతనితో ఉన్నారట కదా, ఏం చూశారు?’ దఫీనాకి అప్పుడు ఏడో నెల. అత్తగారింట్లో ఒక్క గదిలో ఉన్నాం, కొత్త క్వార్టర్ల జాబితా స్తామెనోవ్ బల్లమీద ఉంది, మా పేరు నాలుగోది. నాకు తెలుసు, వాడికి తెలుసు. నేనేమన్నానంటే, ‘నేను ఒక చుక్కని తీగల మధ్య పట్టుకుని కూర్చున్నానండి. అంతకుమించి ఏమీ చూడలేదు.’ అబద్ధం కాదు చూడు. కొండమీద నేను చూసింది అంతే. చీకటిగది సంగతి వాళ్లడగలేదు, నేను చెప్పలేదు. మనోల్‌కి ఒక్క మాట చాలు, ‘వీడే కడిగాడు, అడగండి’ అంటే అయిపోయేది. అనలేదమ్మా. నా వైపు చూశాడు, అంతే. కోపం లేదు, ఏమీ లేదు. ఆ సాలెపోగుల మధ్య చుక్కని చూసినట్టు చూశాడు.

క్వార్టరు వచ్చింది. నువ్వు కూర్చున్నది అందులోనే.

ఆయన స్టూడియో పోయింది. మంచినీళ్ల సీసాల ఫ్యాక్టరీలో చీటీలంటించే పనిలో వేశారు. ఊరు తెలుసుగా, పిల్లలు వెనకబడి ‘మనోల్ మామా, నాకూ ఒక చుక్క గీసిపెట్టవూ’ అని. పగలు నవ్విన ఆ మనుషులే తమ ఇంట్లో తల్లి పోతే, చీకటిపడ్డాక వెనక గుమ్మంలోంచి వెళ్లేవాళ్లు, కళ్లు వేయించుకోడానికి. వేసిచ్చేవాడు, ఒక్క మాట అనకుండా. నాతో మాట్లాడటం మానలేదు. ‘ఏం నాయ్దెన్, పాప బావుందా?’ అనేవాడు, మార్చి ఒకటిన, వసంతానికి శుభమని అందరూ కట్టుకునే ఎరుపూ తెలుపూ దారం తెచ్చి మా పాప మణికట్టుకి కట్టేవాడు. తిట్టి ఉంటే బావుండేది. ప్రతి శీతాకాలం, ఏదో ఒక పొద్దున, నేను అచ్చాఫీసు తలుపు తీసేసరికి నా అచ్చుల పెట్టెమీద ఒక ఫోటో ఉండేది. అదే మబ్బు, అదే చోటు, ఖాళీ. వెనక తేదీ. ఇంకేం రాసేవాడు కాదు. తాళం నా దగ్గరే ఉండేది, లోపలికి ఎలా వచ్చేవాడో నేనడగలేదు. పధ్నాలుగు ఫోటోలు. నామీద కోపమా, ఇంకా చూస్తూనే ఉన్నానని చెప్పడమా, ఏమో. ఈలోపు ప్రభుత్వం పడిపోయింది, స్తామెనోవ్ సూపుల హోటల్ పెట్టుకున్నాడు, సీసాల ఫ్యాక్టరీ మూతపడింది. ఫోటో మాత్రం వచ్చేది.

తొంభై అయిదు ఫిబ్రవరి. రాత్రంతా కొండమీద ఉండి, పొద్దున దిగి, రొట్టె కొనుక్కుని, ఇంటికెళ్లి బూట్లతోనే సోఫామీద ఒరిగాడు. అంతే. మధ్యాహ్నం పక్కింటావిడ చూసింది. రొట్టె ఇంకా సంచిలోనే ఉంది. ప్లోవ్‌దివ్ నుంచి చెల్లెలొచ్చి, ‘కాగితం నువ్వే అచ్చెయ్యన్నా, ఫోటో ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది చూసుకో’ అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. వెతికానమ్మా. డ్రాయర్లనిండా మనుషులే, పెళ్లికూతుళ్లు, సైనికులు, కళ్లు వేసిన ముసలమ్మలు, నా పెళ్లి కూడా ఉంది. ఆయనది లేదు. ఊరందరినీ తీసినవాడు తనని ఒక్కసారీ తీసుకోలేదు. కెమెరాలో ఫిల్ము ఉంది, పోనీ అందులోనైనా ఎక్కడో పడి ఉంటాడేమో అని అక్కడే, ఆయన చీకటిగదిలోనే, పధ్నాలుగేళ్ల తర్వాత కడిగాను. చేతులకి గుర్తుంది. ఒక్కటే బొమ్మ ఉంది. దీపం కింద పెట్టి చూశా. ఫిల్ముమీద వెలుగు నల్లగా కనబడుతుంది, తెలుసుగా. మబ్బు, దాని పక్కన నల్లటి సూదిమొన, పైకి విచ్చుకున్న నల్లటి చేట. వచ్చింది. ఆయన కడగలేదు, చూడలేదు. రొట్టె కొనుక్కుని పడుకున్నాడు. పక్కగదిలో శవం, నా చేతిలో అది. చావు కాగితం ఫోటో లేకుండానే వేశాను, నల్ల అంచు, మధ్యలో ఖాళీ చదరం. మా అచ్చాఫీసు చరిత్రలో అదొక్కటే. జనం గేటు దగ్గర ఆగి, ఖాళీలోకి తొంగిచూసి, శిలువ గీసుకుని పోయేవాళ్లు.

ఒక్క ఫోటోతో ఎవరూ నమ్మరని నాకు తెలుసు కదా, అందులోనూ ఆయనది. పూడ్చిన మూడోరోజు తెరిపిచ్చింది. నోట్లో ఇంకా చావింట పంచిన ఉడికించిన గోధుమల తీపి ఉంది. దఫీనా గుమ్మానికి అడ్డం నిలబడింది, ‘చచ్చినవాడి పని చచ్చినవాడితోనే పోనీ’ అని. మొదటిసారి ఆవిడ చెయ్యి తోసేసి వెళ్లాను. నేను తీసిందీ ఆయన తీసిందీ రెండూ కలిపి రాజధానికి పంపాను, ఈసారి నాలుగు పేజీలు రాశాను. చీకటిగది, పళ్లెం, విచారణ, నేను నోరు మూసుకోవడం, అన్నీ. రెండు నెలలకి అక్కణ్నుంచి ఒకావిడ జవాబు రాసింది. వాళ్ల బీరువాలో ఎనభై ఒకటి నాటి ఫోటో దొరికిందట, వెనక ‘దోషం’ అని రాసి ఉందట. అది దోషం కాదట. ఇంకా పూర్తిగా పుట్టని చుక్క. చుట్టూ ఉన్న దుమ్ము మింగినప్పుడు ఒక్కసారి భగ్గుమంటుందట, మబ్బంతా వెలుగుతుందట, మళ్లీ ఏళ్లకేళ్లు పడుకుంటుందట. వాళ్ల పత్రికలో మనోల్ పేరు వేశారు, పూర్తి పేరు, ఊరు పేరు. పల్చటి పత్రిక. మన ఊళ్లో నేను తప్ప ఎవరూ చదవలేదు. స్తామెనోవ్ హోటల్‌కి తీసుకెళ్లి వాడి సూపు గిన్నె పక్కన పెట్టాను. చూసి, ‘ఉప్పు ఇటందుకో’ అన్నాడు.

ఆఁ, అంతే కథ. ఏమిటి, నేను ఒక్కణ్నే ఎలా తీశానా? ... అడుగుతావనుకున్నా. ఆవిడకి రాసిన నాలుగు పేజీల్లో అదొక్కటే రాయలేదు నేను. దఫీనాకీ చెప్పలేదు. గొట్టం మూతకి ఆయన పాలక్యాను మూత వాడేవాడు, ఇంత వెడల్పుది. కింద మంచు, అందుకని ఆ మూత తీసి కిందేసుకుని దానిమీద కూర్చున్నా. కెమెరా తెరిచా. చుక్కని తీగల మధ్యకి తెచ్చా. చక్రంమీద చెయ్యి వేశా. మూడు రాత్రుల జాగారం, నలభై ఎనిమిదేళ్ల ఒళ్లు... పది నిమిషాలు ఉంటాయో ఉండవో, పడిపోయాను. నిద్ర. మెలకువొచ్చేసరికి గడ్డం గుండెకి ఆనుకుని ఉంది, నాగలి పడమటి కొండ అంచుకి వెళ్లిపోయింది. అయిపోయింది, సర్వనాశనం అనుకున్నా. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. కింద చలి కొడుతోంది, చూస్తే నేను ఉత్త మంచుమీద కూర్చుని ఉన్నా. మూత గొట్టానికి బిగించి ఉంది. కెమెరా మూసి ఉంది. సరే, నిద్రలో లేచి నేనే పెట్టానేమో అనుకో. నేనూ అలాగే అనుకున్నా కొండ దిగేదాకా. తర్వాత కడిగాను. గంటన్నర వెలుగుంది ఆ ఫిల్ములో. చుక్కలు, ఒక్కటి... ఒక్కటి కూడా సాగలేదమ్మా. సూదితో పొడిచినట్టు గుండ్రంగా. గంటన్నరసేపు ఎవరో రెప్ప వెయ్యకుండా...

...

మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆ కొత్త డాక్టరు పొడిచిన సూదులు ఏమైనా పనిచేశాయా?